మందు ఖర్చు ఎవరి ఖాతాలో?

మా తాతయ్య పోయాక అవనిగడ్డ దగ్గర మా ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద గుడ్డసంచిలో చిట్టా పుస్తకాలు దొరికాయి. 1984 నుంచి 1992 దాకా వ్యవసాయపు జమాఖర్చులు. పాత కాగితం కనిపిస్తే వదలలేని జబ్బు నాకు పిహెచ్‌డి రోజుల్నించీ ఉంది. వాటిని నా వెంట తెచ్చుకున్నాను. విత్తనాలు, నారుమడి, ఎరువు, ఊడ్పు కూలి, కలుపు కూలి అన్నీ తాతయ్య గుండ్రటి అక్షరాల్లో వరసగా ఉన్నాయి. ప్రతి ఏడూ నవంబరు, డిసెంబరు పేజీల్లో మాత్రం ఒక పద్దు అర్థం కాలేదు. ‘ముఠాకి మందు’. పురుగుల మందేమో అనుకున్నాను. కానీ కోతకొచ్చిన చేలో మందెవరు కొడతారు?

అమ్మనడిగితే నవ్వింది. ‘‘ఆ మందు కాదే. సారా ప్యాకెట్లు. అవి ఇస్తేగానీ కుప్పలు వేసేవాళ్ళా?’’

మన డెల్టా తెలుగులో మందు అంటే రోగానికి వేసేది, పురుగుకి కొట్టేది, మనిషి తాగేది. మూడూ వ్యవసాయ ఖర్చుల్లోకే వస్తాయని ఆ చిట్టా చూసేదాకా నాకు తోచలేదు.

తర్వాత ఊరెళ్ళినప్పుడు, ఆ రోజుల్లో మా చేలో కోతకొచ్చిన ఒకావిణ్ణి వెతుక్కుంటూ మాలపల్లెకు వెళ్ళాను. ఇప్పుడావిడకు డెబ్భై దాటాయి. సంవత్సరాలన్నీ ఉప్పెననుంచి లెక్కపెడుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన అది. ‘‘ఉప్పెనొచ్చిన ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో పేకెట్లు దిగినయ్. అంతకుముందు కల్లే’’ అంది. మా తాతయ్య మందు ఖర్చు రాసిపెట్టిన సంగతి చెప్పాను. ఆవిడ నావంక కొంచెంసేపు చూసి, ‘‘అది మీ తాతగారు పెట్టిన కర్సనుకుంటన్నారా అమ్మాయిగారూ? గుత్త మాట్టాడేప్పుడే కోసేసేవోరు. పేకెట్లిస్తన్నాం గదా అని ఎకరాకి ఇంతని తగ్గించేవోరు. తాగేది మగోళ్ళు. తగ్గేది అందరికీ’’ అంది.

ఈ వ్యాసమంతా ఆ చివరి రెండు మాటలకు నేను రాసుకుంటున్న వివరణే.

ఆ చిట్టా చూసేనాటికి నేను చదువుతున్నది వేరే. ఉద్యోగుల మద్యపానాన్ని తగ్గించడానికి పని స్థలాల్లో జరిగే కార్యక్రమాల గురించి ఒక సదస్సుకు పత్రం రాయాల్సివచ్చింది. ఈ కార్యక్రమాల చరిత్ర మామూలుగా అమెరికాతో మొదలవుతుంది. 1940లలో డ్యూపాంట్, ఈస్ట్‌మన్ కోడక్ లాంటి కంపెనీలు తాగుడు అలవాటున్న కార్మికులను వెంటనే తీసేయకుండా చికిత్సకు పంపడం మొదలుపెట్టాయి. అంతకుముందే, 1914లో, హెన్రీ ఫోర్డ్ రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాడు. అది అందుకోవాలంటే కార్మికుడి నడవడి సరిగ్గా ఉండాలి. ఉందో లేదో చూడటానికి కంపెనీ ఇన్‌స్పెక్టర్లు ఇళ్ళకు వెళ్ళేవారు. తాగుతున్నాడా, డబ్బు దాస్తున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా అని విచారించేవారు. భార్య బయట పనికి వెళ్తుంటే అదీ ఒక లోపమే! మగవాడి తాగుడు మాన్పించే పథకం ఆడదాన్ని ఇంట్లో కూర్చోబెట్టే పథకంతో కలిసే పుట్టింది.

మనకు దగ్గరలో మద్రాసులో ఇంకో చరిత్ర ఉంది. శాంతి రంగనాథన్ భర్త తాగుడు వ్యసనంతో 1979లో చనిపోయారు. ఆవిడ ఆ మరుసటి ఏడే, 1980లో, టి.టి.రంగనాథన్ క్లినికల్ రిసెర్చ్ ఫౌండేషన్ మొదలుపెట్టారు. వ్యసనం నీతికి సంబంధించింది కాదని, జబ్బని, దానికి చికిత్సతోపాటు కుటుంబానికీ సాయం కావాలని ఆ సంస్థ చెప్పింది. పరిశ్రమల్లోకీ ఆ మాట తీసుకెళ్ళింది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వెలువరించిన నియమావళి కూడా ఇలాంటి మాటే చెప్పింది. దాని ప్రకారం తాగుడును ఆరోగ్య సమస్యగా చూడాలి, కార్మికుడి వివరాలు గోప్యంగా ఉంచాలి, శిక్షకంటే ముందు చికిత్స ఇవ్వాలి. ఇవి చిన్న విషయాలేం కాదు.

బందరు, గుడివాడ, అవనిగడ్డ - మూడుచోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. ఆర్టీసీలో డ్యూటీ ఎక్కేముందు డ్రైవరు బ్రెత్ ఎనలైజర్‌లో ఊదే పద్ధతి ఉంది. వాహనం నడిపేవాడి రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే 1988 మోటారు వాహనాల చట్టం దాన్ని నేరమంటుంది. ఆ బస్సెక్కే మనిషిగా నాకా పరీక్ష కావాలి. నా ఇబ్బంది అది కాదు. ఈ కార్యక్రమాలన్నిటికీ ఒక గేటు కావాలి. గేటు లోపల హాజరుపట్టీ కావాలి, జీతమిచ్చే ఆఫీసు కావాలి. మా చేనుకు గేటు లేదు. గిలకలదిండి రేవులో పడవకు గేటు లేదు. గుడివాడ మిల్లుల దగ్గర బస్తాలు మోసే ముఠాకు, లోపలే పనిచేసినా, హాజరుపట్టీలో పేరుండదు. గేటు లేనిచోట తాగేవాడు ఉద్యోగి కాడు, ఉత్త తాగుబోతు. అక్కడ వాడి తాగుడు యజమాని సమస్య కాదు. పెళ్ళాం సమస్య.

ఇంకో సంగతి కూడా ఈ చరిత్రల్లో కనిపించదు. పనిలోకి మందును తెచ్చిందెవరు?

బందరు నుంచే మొదలుపెడదాం. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. దాని తెల్ల సిపాయికి రోజువారీ రేషన్‌లో సారా కొలత కూడా ఉండేది. తాగడం సిపాయి దురలవాటు కాదు, అతని కూలిలో భాగం. బ్రిటిష్ నౌకాదళంలో నావికుడికిచ్చే రోజువారీ రమ్ము 1970 జూలై 31న గానీ ఆగలేదు. 1809లో బందరు కోటలో యూరోపియన్ రెజిమెంటు అధికారులు మద్రాసు ప్రభుత్వంపైన తిరగబడ్డారు. ఆ గొడవకు మొదటి నిప్పురవ్వ వాళ్ళ మెస్సు విందులో గ్లాసులెత్తి చేసే శుభాకాంక్షల దగ్గర రాజుకుంది. చరిత్ర పుస్తకాలు దాన్ని అలవెన్సుల గురించి, హోదాల గురించి వచ్చిన వివాదంగానే రాశాయి. తాగి చేసిన గలాటా అని రాయలేదు. దొరల తాగుడుకి ఎప్పుడూ ఒక రాజకీయ కారణం దొరుకుతుంది. కూలివాడి తాగుడుకి వాడి గుణమే కారణం!

సైన్యమే తన సిపాయికి తాగుడు నేర్పి, తర్వాత మాన్పించడానికి తంటాలు పడింది. 1862లో ఆగ్రాలో గ్రెగ్సన్ అనే మిషనరీ సిపాయిల మద్యపాన నిషేధ సంఘం పెట్టాడు. ఉద్యోగుల తాగుడు తగ్గించే కార్యక్రమం ఈ దేశంలో ఎప్పుడు మొదలైందని నన్నడిగితే ఆ సంఘాన్నే చూపిస్తాను.

ఇంగ్లండులో కార్మికులకు సారాయి దుకాణాల్లో జీతాలు పంచడాన్ని 1883లో చట్టం చేసి నిషేధించారు. చేతికొచ్చిన డబ్బు అక్కడే ఖర్చయిపోతుందనీ, ఇంటికి చేరదనీ పాలకులకు బాగా తెలుసు. సరిగ్గా మూడేళ్ళకు, 1886లో, అదే పాలకులు ఇక్కడ మద్రాసు అబ్కారీ చట్టం తెచ్చారు. దాంతో సారా, కల్లు అమ్మే హక్కులు ప్రభుత్వ ఆదాయ మార్గాలుగా స్థిరపడ్డాయి. అక్కడ కూలి డబ్బును దుకాణం నుంచి కాపాడే చట్టం, ఇక్కడ దుకాణం మీద పాట పాడించే చట్టం.

దక్షిణాఫ్రికా ద్రాక్షతోటల్లో కూలిలో కొంత భాగం వైన్‌గా ఇచ్చేవారు. దాన్ని ‘డాప్’ పద్ధతి అంటారు. 1960లలో నిషేధించాక కూడా అది చాలాకాలం చాటుమాటుగా నడిచింది. తల్లి తాగుడు వల్ల కడుపులో బిడ్డకు కలిగే జబ్బులు ఈనాటికీ ఆ ప్రాంతంలో చాలా ఎక్కువ. 1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వేతనాల రక్షణ ఒప్పందం చేసినప్పుడు ఘాటైన మద్యాన్ని కూలి కింద ఇవ్వడాన్ని నిషేధించింది. జీతాన్ని మద్యం దుకాణంలో ఇవ్వకూడదని కూడా చేర్చింది. ప్రపంచం నిషేధించాల్సివచ్చిందంటే అది ఎక్కడో ఒక మూల జరిగిన వింత కాదన్నమాట. మా తాతయ్య చిట్టాలోనూ ఉంది.

ఇక గుడివాడకు వద్దాం. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావును 1983లోనూ 1985లోనూ గుడివాడ ఓటర్లు గెలిపించారు. కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చిన ప్రభుత్వం ఆయనది. ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇచ్చిందీ ఆ ప్రభుత్వమే. ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరా పారించిందీ అదే. కల్తీసారా మరణాలు ఆపడానికని చెప్పారు. కానీ ప్యాకెట్ చేసిన పని వేరు. సీసా అయితే దుకాణానికి వెళ్ళాలి, కల్లయితే చెట్టు దగ్గరకు వెళ్ళాలి. ప్యాకెట్ జేబులో పడుతుంది, గట్టు మీదికొస్తుంది, పడవెక్కుతుంది, మిల్లు అరుగు మీదికి చేరుతుంది. దుకాణమే పని దగ్గరకు నడిచొచ్చింది. రాష్ట్రానికి ఎక్సైజు ఆదాయం 1970-71లో సుమారు 39 కోట్లుంటే 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. రెండు రూపాయల బియ్యం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నారని అప్పట్లో ఆడవాళ్ళన్నది ఉత్త ఆక్రోశం కాదు, లెక్క.

గిలకలదిండి రేవులో చేపలమ్మే ఇద్దరు స్త్రీలతో మాట్లాడినప్పుడు అదే లెక్క మళ్ళీ విన్నాను. వేటనుంచి వచ్చాక ముందు డీజిలు, ఐసు, తిండి ఖర్చులు తీసేసి మిగిలింది వాటాలు వేస్తారు. ‘‘తిండి కర్సులో మందు కూడా కలిపేత్తారమ్మా. మా ఆయన తాగడు. అయినా మా వాటాలో తగ్గుద్ది’’ అంది వాళ్ళలో చిన్నావిడ. తాగనివాడి భార్య కూడా మందు ఖర్చు భరించే ఏర్పాటు ఇది. దీన్ని ఏ కౌన్సెలింగ్ బాగుచేస్తుంది?

ఈ ప్రశ్న మొదటిసారి గట్టిగా అడిగింది నెల్లూరు జిల్లా స్త్రీలు. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. వాచకంలో సీతమ్మ కథ, ఆడవాళ్ళు ఏకమైతే అన్న పాఠం చదువుకున్నారు. 1992లో దూబగుంట స్త్రీలు, రోశమ్మ ముందు నిలబడగా, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అక్కడనుంచి అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. సారా వేలంపాటలు అడ్డుకున్నారు. ప్యాకెట్లు తెచ్చే వాహనాలను ఊరిబయటే ఆపారు. చేతుల్లో చీపుర్లు, కారప్పొడి. ఈనాడు ఆ ఉద్యమానికి రోజూ ఒక పేజీ కేటాయించింది.

అన్వేషి పరిశోధకులు 1993 జనవరిలో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ ఉద్యమం గురించి రాశారు. మరుసటి సంవత్సరం సూసీ తారు, తేజస్విని నిరంజన తమ వ్యాసంలో ఈ స్త్రీలను ఒక్కో రాజకీయం తనకు కావలసిన బొమ్మగా ఎలా మలుచుకుందో చర్చించారు. పత్రికలకు వాళ్ళు కాపురాలు నిలబెట్టుకునే ఇల్లాళ్ళు. గాంధేయవాదులకు దేశాన్ని శుద్ధి చేసే తల్లులు. మనలో కొందరికి భర్త హింసమీద తిరగబడ్డ స్త్రీలు. ఇవన్నీ కొంతకొంత నిజమే. కానీ వాళ్ళలో చాలామంది కూలీలన్నది మాత్రం ఏ బొమ్మలోనూ సరిగ్గా కనపడలేదు. ఎక్కువమంది దళితులు, వెనుకబడిన కులాలవాళ్ళు. సారా వాళ్ళ ఇంటి సమస్యే కాదు, వాళ్ళ పనిచోటు సమస్య కూడా. కూలికీ ఇంటికీ మధ్య దారిలో ప్రభుత్వం ఒక దుకాణం పెడితే దాన్ని తీసేయమన్నారు. తాగేవాణ్ణి మార్చమని అడగలేదు, తాగించే ఏర్పాటును మార్చమన్నారు. ఉద్యోగుల మద్యపానం తగ్గించే కార్యక్రమాల చరిత్ర రాసేవాళ్ళెవరూ దూబగుంటను ఆ జాబితాలో చేర్చరు. నా దృష్టిలో ఈ రాష్ట్రంలో జరిగిన అతి పెద్ద కార్యక్రమం అదే.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సంగతి దాటవేయకూడదు. నిషేధమన్న మాట ఎప్పుడూ పేదవాళ్ళ పక్షానే నిలబడలేదు. 1937లో రాజాజీ సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. కల్లుగీత మీద బతికే కులాలు వీధినపడ్డాయి. గౌతు లచ్చన్న వాళ్ళ తరఫున ఉద్యమం నడిపారు. 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఈ మద్యనిషేధం వివాదం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. దివిసీమ తాటితోపుల కింద కల్లు అమ్మిన ఆడవాళ్ళున్నారు, తాగిన ఆడవాళ్ళూ ఉన్నారు. మా పెద్దావిడ ‘‘నాట్లేసొచ్చి మేమూ తాగేవోళ్ళం, నడుం పట్టుకుపోద్ది గదా’’ అని సిగ్గుపడకుండా చెప్పింది. కల్లుకూ సారా ప్యాకెట్టుకూ ఆవిడకు తేడా స్పష్టంగా తెలుసు. కల్లు తనకు తోచినప్పుడు కొనుక్కున్నది, ప్యాకెట్ కూలిలో కోసి ఇచ్చింది. తాగడం పాపమా కాదా అన్నది ఆవిడ ప్రశ్న కాదు. ఎవరి డబ్బు అన్నదే ప్రశ్న. మనలాంటి చదువుకున్న మధ్యతరగతివాళ్ళం తరచు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారా నిషేధించింది. 1994 డిసెంబరులో మళ్ళీ గెలిచిన ఎన్.టి.రామారావు ప్రమాణస్వీకారం చేసిన వేదిక మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమలైంది. వారుణి వాహిని తెచ్చిన చేత్తోనే దాన్ని ఆపించారు ఆడవాళ్ళు! 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఖజానా ఖాళీ అయిందని నిషేధం ఎత్తేసింది. ఆ మధ్యకాలంలో ఉద్యమ స్త్రీలను పొదుపు సంఘాల్లో కూర్చోబెట్టారు. రోజుకో రూపాయి దాచమన్నారు. దాచారు. కూలిలో కోత ఎవరు పెడుతున్నారని అడిగినవాళ్ళు, మిగిలిన కూలిలోంచి ఎంత దాచగలమన్న లెక్కలో పడ్డారు. పొదుపు తప్పని నేననను. కానీ ప్రశ్న మారిపోయింది.

ఆ తర్వాత బెల్టు షాపులొచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలకిచ్చారు, 99 రూపాయలకు క్వార్టర్ వచ్చింది. అమ్మేది ఎవరన్న దాని గురించి ప్రతి ఎన్నికల్లోనూ మాట్లాడుకుంటున్నాం. కూలిలోంచి ఎంత పోతోందన్నది ఎవరూ మాట్లాడటం లేదు.

అయితే మధ్యలో రెండు సంగతులు జరిగాయి. వాటిని మద్యం గురించిన చర్చలో ఎవరూ తలుచుకోరు. 2006లో అనంతపురం జిల్లాలో మొదలై తర్వాత మన జిల్లాలకూ వచ్చిన ఉపాధి హామీ పనిలో ఎవరి కూలి వాళ్ళ పేరు మీద పడింది. గుత్త లేదు, ముఠా మేస్త్రీ లేడు, మందు ఖర్చు కోత లేదు. ‘‘ఆ డబ్బు మట్టుకు నా యేలిముద్రకే వచ్చింది’’ అని మా పెద్దావిడ చెప్పింది. రెండోది, పని స్థలంలో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం. అసంఘటిత రంగాన్నీ, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలనూ అది లెక్కలోకి తీసుకుంది. పనిచేయించే ఇల్లు కూడా పని స్థలమేనని ఒప్పుకుంది. వాళ్ళ ఫిర్యాదు వినడానికి జిల్లాకో కమిటీ ఉండాలంది. వేధింపుల విషయంలో గేటు అవసరం లేదని చట్టం గ్రహించగలిగింది. మందు విషయంలో ఎందుకు గ్రహించలేదు?

గేటు లేని పనిచోటుకు కార్యక్రమమంటే ఏముండాలి? మా పెద్దావిడ మాటల్లోంచి నేను ఏరుకున్నవి ఇవే. గుత్త మాట్లాడేటప్పుడు మందు మాట రాకూడదు. ఖర్చుల్లో అది కలపకూడదు. ఆడదాని వాటా ఆడదాని చేతికే ఇవ్వాలి. మానాలనుకున్న మగవాడికి చికిత్స దగ్గర్లో దొరకాలి, ఆ మూడు వారాలు ఇల్లు గడిచే ఏర్పాటు ఉండాలి. చికిత్స గురించి డాక్టర్లు, కౌన్సెలర్లు చెప్పగలరు. మొదటి మూడింటికి వాళ్ళు సరిపోరు. కూలి మాట్లాడే చోట మనుషులు కావాలి.

ఊరినుంచి వచ్చాక మళ్ళీ చిట్టా తెరిచాను. 1988 డిసెంబరు పేజీలో ‘కోత ముఠా - 16 మంది’ అని ఉంది. దానికింద కూలి, దానికింద మందు. పదహారులో ఆడవాళ్ళెంతమందో తాతయ్య రాయలేదు. ఆవిణ్ణి ఫోన్లో అడిగాను. వేళ్ళమీద లెక్కపెడుతూ ఒక్కొక్క పేరే చెప్పింది. ఇద్దరి పేర్ల దగ్గర కాసేపు ఆగింది. మొత్తం తొమ్మిది మంది. మందు ఖర్చులో సగంకన్నా ఎక్కువ ప్యాకెట్ ముట్టనివాళ్ళ కూలిలోంచే పోయిందన్నమాట. మా ఇంటి చిట్టాలో అది ఇప్పటికీ మా ఖర్చుగానే ఉంది.